గోడ లేని రాజధాని: గోల్కొండ పతనం, 1687

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ సాయంత్రం ఓపికగా కూర్చున్న మిత్రులందరికీ నమస్కారం.

1687 సెప్టెంబరు 21 తెల్లవారుజామున గోల్కొండ కోట ఔరంగజేబు సైన్యం వశమైంది. ఆ కథ మనలో చాలామందికి తెలుసు. ఎనిమిది నెలల పాటు ముట్టడించినా లొంగని కోటకు లోపలివాడే ఒకడు లంచం తిని దిడ్డి తలుపు తీశాడని, అంతటితో కుతుబ్ షాహీల రాజ్యం ముగిసిందని చిన్ననాటి పాఠాల్లో చదువుకున్నాం. అందులో అబద్ధమేమీ లేదు. అయితే నూట డెబ్భై ఏళ్ళు నిలిచిన రాజ్యం ఒక్క తలుపు వల్ల పోయిందని చెప్పుకొని ఊరుకుంటే, ఆ తలుపు తెరుచుకునే దాకా వచ్చిన దారి మన కంటికి కనిపించకుండా పోతుంది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. గోల్కొండ రాజధాని 1685 అక్టోబరులోనే, ఒక్క రాత్రిలో, పోరు లేకుండా పడిపోయింది. ఆ తరవాత రెండేళ్ళు నిలిచింది కోట మాత్రమే.

ఈ మాట అర్థం కావాలంటే ఆనాటి రాజధాని స్వరూపం ముందు చూడాలి. కాకతీయుల నాటి మట్టికోట ఉన్న కొండను కుతుబ్ షాహీలు రాతికోటగా పెంచారు. రాజ్యం విస్తరించిన కొద్దీ కొండ చుట్టూ ఉన్న జాగా చాలలేదు. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో మూసీ మీద వంతెన కట్టారు. ఇవాళ మనం పురానాపుల్ అని పిలుస్తున్నది దాన్నే. 1591లో ఆయన కొడుకు మహమ్మద్ కులీ ఏటి అవతలి ఒడ్డున హైదరాబాదు నగరాన్ని నిర్మించి, నడుమ చార్మినారు నిలిపాడు. అప్పటినుంచి రాజధాని రెండు చోట్ల ఉంది. కోట నుంచి బయలుదేరి, వజ్రాల బేరగాళ్ళు దిగే కార్వాన్ మీదుగా వంతెన దాటి చార్మినారు చేరడానికి ఇంచుమించు పది కిలోమీటర్లు. ఖజానా, మందుగుండు, ధాన్యపు గాదెలు కోటలో ఉండేవి. మహళ్ళు, తోటలు, బజార్లు, సరాయిలు, దారుల్ షిఫా వైద్యశాల, వేలాది జనం నగరంలో ఉండేవారు. కోటకు ఎనిమిది దర్వాజాలు, 87 బురుజులు, లోతైన కందకం ఉన్నాయి. నగరానికి గోడ లేదు. హైదరాబాదు చుట్టూ ప్రాకారం లేచింది మొగలు సుబేదారు, అంటే రాష్ట్ర పాలకుడు, ముబారిజ్ ఖాన్ కాలంలో, అది పూర్తయింది ఆసఫ్‌జాహీల కాలంలో. అంటే చార్మినారు కట్టిన తరవాత నూరేళ్ళు దాటే వరకూ ఈ నగరం నాలుగు దిక్కులా తెరుచుకొని ఉండేది.

దాన్ని తెలివితక్కువతనం అనలేం. మచిలీపట్నం రేవు నుంచి వచ్చే సరుకుల బిడారులకు, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల నుంచి వచ్చే వజ్రాలకు, పశ్చిమాన బీజాపురం వైపు పోయే బాటకు ఈ నగరం కూడలి. అటువంటి చోట గోడ కట్టకుండా వదలడంలో ఒక ధీమా ఉంది. సరిహద్దు గట్టిగా ఉన్నంత కాలం ఆ ధీమా చెల్లింది కూడా.

అది చెల్లదని మొదట తేలింది 1656లో. ఈ సంవత్సరాన్ని మన వాళ్ళు అంతగా పట్టించుకోరు గాని, 1687ను అర్థం చేసుకోవడానికి ఇదే తాళపుచెవి. అప్పుడు ఔరంగజేబు ఇంకా పాదుషా కాలేదు. తండ్రి షాజహాను తరఫున దక్కను సుబేదారుగా ఉన్నాడు. అప్పటికి ఇరవై ఏళ్ళ క్రితమే, 1636లో, అబ్దుల్లా కుతుబ్ షా మొగలుల ఆధిపత్యం ఒప్పుకొని ఏటా రెండు లక్షల హొన్నులు, అంటే బంగారు నాణేలు, కడతానని పత్రం రాసి ఇచ్చాడు. ఆ కప్పం బకాయిలు, అబ్దుల్లాతో తగవుపడిన గోల్కొండ వజీరు మీర్ జుమ్లా కుటుంబాన్ని నిర్బంధించడం, ఈ రెండూ సాకుగా ఔరంగజేబు తన పెద్దకొడుకు మహమ్మద్ సుల్తానును హైదరాబాదు మీదికి పంపాడు. అబ్దుల్లా నగరం వదిలి గోల్కొండ కోటలోకి పోయాడు. నగరం దోపిడీకి గురయింది. కోట ముట్టడి సాగుతుండగా ఢిల్లీ నుంచి షాజహాను ఆజ్ఞ వచ్చి, భారీ పరిహారంతో, అబ్దుల్లా కూతురిని మహమ్మద్ సుల్తానుకిచ్చి పెళ్ళి చేసే ఒప్పందంతో ఆ గండం గడిచింది.

గండం గడిచాక రాజ్యం ఏం చేసిందన్నది చూడండి. కోటను ఆనుకొని ఉన్న మెట్ట మీద శత్రువు ఫిరంగులు ఎక్కించే ప్రమాదం ఉందని గుర్తించి, ఆ మెట్టను కూడా కలుపుకొంటూ కొత్త ప్రాకారం కట్టారు. అదే నయా కిలా. సేనాని మూసా ఖాన్ పర్యవేక్షణలో 1666లో కొత్త బురుజు లేచింది. ఆ మూసా బురుజు మీద రెండు శాసనాలు ఉన్నాయి, ఒకటి పారసీలో, ఒకటి తెలుగులో. 1656 ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి చనిపోయిన మొగలు సేనాని మీర్ మీరాన్ ప్రస్తావన పారసీ శాసనంలో ఉంది. బురుజు కట్టిన శిల్పి పేరు ధర్మాచారి. గోల్కొండ వెళ్ళేవాళ్ళు ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, పైన ఆ చప్పుడు విని మెచ్చుకొని తిరిగి వచ్చేస్తారు. మూసా బురుజు దాకా పోయి ఆ రాతి ముందు కాసేపు నిలబడమని నా మనవి. పారసీ రాజభాషగా ఉన్న రాజ్యంలో, ఒక తెలుగు శిల్పి, తన భాషలో కూడా శాసనం ఉన్న యుద్ధ నిర్మాణం చేశాడు. ఆ రాజ్యం ఎవరి చేతుల మీద నిలిచిందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

సరే, కోట బలపడింది. నగరం మాటేమిటి? 1656లో దోపిడీకి గురయింది నగరమే అయినా, దాని చుట్టూ గోడ కట్టాలని ఎవరూ తలపెట్టలేదు. డబ్బు లేక కాదు, ఆ రోజుల్లో దక్కనులో అంత సంపన్న రాజ్యం మరొకటి లేదు. నా అంచనా ఏమిటంటే, 1656 అనుభవం పాలకులకు చెడ్డ పాఠం నేర్పింది. కోటలో దాక్కొని, కొంత కాలం కాచుకొని, డబ్బిచ్చి రాజీ చేసుకుంటే గట్టెక్కవచ్చునన్న నమ్మకం కుదిరింది. నగరవాసులు పడిన కష్టం ఆ లెక్కలోకి రాలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ తరవాత అదే నమ్మకం రాజ్యాన్ని ముంచింది.

1672లో అబ్దుల్లా మరణించాక ఆయన అల్లుడు అబుల్ హసన్ గద్దె ఎక్కాడు. భద్రాచలం కథ వల్ల తెలుగువారి ఇళ్ళల్లో తానీషాగా నిలిచిపోయినవాడు ఈయనే. సూఫీ గురువు షా రాజు శిష్యుడిగా చాలా ఏళ్ళు సాదాగా బతికిన మనిషి. గద్దె ఎక్కిన కొద్ది కాలానికే పాలనంతా మాదన్న చేతికి, ఆయన అన్నదమ్ముడు అక్కన్న చేతికి వచ్చింది. మాదన్న దివాను అయ్యాడు. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చినప్పుడు కుదిరిన ఒప్పందంలో కీలకపాత్ర మాదన్నదే. మొగలులకు ఎదురు నిలవాలంటే దక్కను రాజ్యాలన్నీ చేయి కలపాలన్నది ఆయన ఆలోచన. ఆ ఆలోచన సరైనదేనని నేను నమ్ముతాను. కానీ దాన్ని అమలు చేసే సరికి బీజాపురం కుళ్ళిపోయి ఉంది, 1680లో శివాజీ పోయాడు, ఔరంగజేబు స్వయంగా దక్కనుకు దిగివచ్చాడు.

1685లో మొగలులు బీజాపురాన్ని ముట్టడించారు. బీజాపురానికి తోడుగా నలభై వేల సైన్యాన్ని పంపుతానని అబుల్ హసన్ రాసిన ఉత్తరం మొగలుల చేతికి చిక్కింది. ఔరంగజేబు తన కొడుకు షా ఆలంను పెద్ద సైన్యంతో గోల్కొండ మీదికి పంపాడు. గోల్కొండ దండు మల్ఖేడు దగ్గర అడ్డుకుంది. అక్కడ వారాల తరబడి మొగలులు ముందుకు కదలలేకపోయారు. ఆ దండుకు నాయకుడు మీర్ మహమ్మద్ ఇబ్రహీం. అక్టోబరులో ఆయన శత్రువు పక్షంలోకి వెళ్ళిపోయాడు. ఔరంగజేబు ఆయనకు మహాబత్ ఖాన్ అన్న బిరుదు, పెద్ద మన్సబు, అంటే సైనిక హోదా, ఇచ్చాడు. సేనాని పోగానే సైన్యం చెదిరింది. హైదరాబాదు దాకా దారి బారుగా తెరుచుకుంది.

ఇక్కడ కాసేపు ఆగాలి. వార్త నగరానికి చేరిన రాత్రి అబుల్ హసన్ ఎవరితోనూ ఆలోచించకుండా, మోయగలిగినంత నగలు, సొమ్ము తీసుకొని, అంతఃపురంతో గోల్కొండ కోటకు తరలిపోయాడు. సుల్తాను పోతున్నాడన్న మాట వీధుల్లో పాకేసరికి నగరమంతా కోట వైపు కదిలింది. పారసీ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఆ రాత్రిని వర్ణించాడు. పెద్దింటి మనుషులు గుర్రాలు, పల్లకీలు దొరక్క, భార్యల చేతులు పట్టుకొని, పిల్లలను ఈడ్చుకుంటూ నడిచారు. పరదా దాటి ఎరగని ఆడవాళ్ళు చాలామంది మేలిముసుగు లేకుండా, కాళ్ళకు చెప్పులు లేకుండా బయటపడ్డారు. వాళ్ళకున్న దారి పురానాపుల్ మీదుగా, కార్వాన్ దాటి కోటకు పోయే ఆ పది కిలోమీటర్ల బాటే. అందరినీ తీసుకునేంత చోటు కోటలో లేదు. తెల్లవారకముందే నగరంలో అల్లరిమూకలు దోపిడీ మొదలుపెట్టాయి. తరవాత మొగలు సైనికులు దిగారు. మహళ్ళల్లోని తివాచీలు మోయలేనంత బరువుగా ఉంటే కత్తులతో, బాకులతో ముక్కలు కోసి, ఆ ముక్కల కోసం కొట్టుకున్నారని ఖాఫీ ఖాన్ రాశాడు. దోపిడీ ఆపమని షా ఆలం మనుషులను పెట్టినా ఫలితం లేకపోయింది.

ఒక రాజధానిలో రాజుకూ ప్రజకూ మధ్య ఉండే ఒప్పందం ఏమిటి? పన్ను కడతాం, కొలువు చేస్తాం, బజారు నడుపుతాం, ఆపద వస్తే నువ్వు మా ముందు నిలబడాలి అన్నదే కదా. ఆ రాత్రి ఆ ఒప్పందం తెగింది. అబుల్ హసన్ పిరికివాడు కాడని రెండేళ్ళ తరవాత నిరూపించుకున్నాడు, ఆ సంగతి మళ్ళీ చెబుతాను. కానీ 1685 అక్టోబరులో ఆయన చేసిన పని, 1656లో మామగారు చేసిన పనే. కోట రాజ్యమనీ, నగరం వదులుకోదగ్గదనీ ఆ వంశానికి అలవాటుగా పట్టుబడిన ఆలోచన. ఈ ఒక్క విషయంలో నేను ఆయనను క్షమించలేను.

షా ఆలం సంధికి ఒప్పుకున్నాడు. పాత బకాయిల కింద కోటీ ఇరవై లక్షల రూపాయలు, ఏటా రెండు లక్షల హొన్నుల కప్పం, మల్ఖేడు, సేడం ప్రాంతాల అప్పగింత, వీటితోపాటు మాదన్న, అక్కన్నలను పదవుల నుంచి తొలగించడం. ఆ చివరి షరతును అబుల్ హసన్ వాయిదా వేస్తూ వచ్చాడు. దర్బారులో మాదన్నకు శత్రువులు తక్కువేమీ కాదు. ఆయన పైకి రావడంతో కిందికి పోయిన అమీరులు ఉన్నారు, అంతఃపురంలో అబ్దుల్లా బేగంలు ఉన్నారు. నగరం కోల్పోయిన కోపాన్నంతా తీసుకెళ్ళి వాళ్ళు ఆ ఇద్దరి మీద పెట్టారు. 1686 మార్చిలో, ఒక రాత్రి సుల్తాను సమక్షం నుంచి ఇంటికి వస్తున్న అన్నదమ్ములను గోల్కొండ వీధిలో నరికి చంపారు. మాదన్న తల మొగలు శిబిరానికి వెళ్ళింది. ఆ పనితో పాదుషా శాంతిస్తాడని చంపినవాళ్ళు నమ్మారు. ఆయన శాంతించలేదు. పన్నుల లెక్క, మన్నెగాళ్ళతో, దేశముఖులతో సంబంధం, రాయబారం అన్నీ ఎరిగిన చేతులను గోల్కొండ తన చేతులతోనే నరుక్కుంది. అదే సంవత్సరం డచ్చి కంపెనీవారు బాకీల పేరు చెప్పి మచిలీపట్నాన్ని స్వాధీనం చేసుకున్నారు. సముద్రం వైపు కూడా రాజ్యం చిరిగిపోతున్నదని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఈ హత్యను, ఈ యుద్ధాన్ని హిందూ ముస్లిం తగవుగా చదివేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. ఔరంగజేబు మోపిన అభియోగాల్లో అధికారం బ్రాహ్మణుల చేతిలో పెట్టావన్న మాట ఉంది, నిజమే. శంభాజీకి లక్ష హొన్నులు పంపావన్నది కూడా ఉంది. కానీ సాటి ముస్లిం రాజుల మీద ఈ యుద్ధం ధర్మసమ్మతం కాదని మొగలు సామ్రాజ్యపు ప్రధాన ధర్మాధికారి షేక్ ఉల్ ఇస్లాం సమ్మతి ఇవ్వలేదు, పదవి వదులుకున్నాడు. ఆయన తరవాత వచ్చిన కాజీ అబ్దుల్లా సైతం సంధి చేసుకోమని వేడుకున్నాడు. కోట కోసం చివరి దాకా పోరాడినవాడు ఇరాను నుంచి వచ్చిన అబ్దుల్ రజాక్ లారీ. మాదన్నను చంపించినవాళ్ళూ, మల్ఖేడు దగ్గర పక్షం మార్చినవాడూ గోల్కొండ కొలువు తిన్న అమీరులే. మతం పేరు వాడుకున్నారు గాని, నడిపించింది రాజ్యకాంక్ష, ఆపైన కప్పం, ఖజానా.

1686 సెప్టెంబరులో బీజాపురం పడిపోయింది. 1687 జనవరి ఆఖరుకు ఔరంగజేబు స్వయంగా గోల్కొండ ముందు విడిది చేశాడు, ఫిబ్రవరిలో ముట్టడి మొదలైంది. ఆరంభంలోనే కిలిచ్ ఖాన్ అనే వృద్ధ సేనాని కోట మీద దూకుడుగా వెళ్ళి, ఫిరంగి దెబ్బకు చేయి పోగొట్టుకొని కొద్ది రోజుల్లో చనిపోయాడు. ఆయన సమాధి హిమాయత్‌సాగర్ దగ్గర కిస్మత్‌పూర్‌లో ఉంది. ఆయన మనవడే తరవాతి కాలంలో ఈ గడ్డను ఏలిన మొదటి నిజాం. అదే నెలలో షా ఆలం గోల్కొండతో రహస్యంగా ఉత్తరాలు నడుపుతున్నాడన్న అనుమానంతో తండ్రి ఆయనను కొడుకులతో సహా నిర్బంధించాడు. ఆ చెర ఏడేళ్ళకు పైగా సాగింది.

ముట్టడి ఎలా జరిగేదో కొంచెం చెబుతాను, ఎందుకంటే ఈ కోట గొప్పతనం అక్కడే తెలుస్తుంది. కందకం దాటాలంటే దాన్ని పూడ్చాలి. మొగలులు గోనె సంచుల్లో మట్టి నింపి కందకంలో వేయించారు. పగలు వేసినదాన్ని కోటలోనివాళ్ళు రాత్రి తీసేసేవాళ్ళు. పై నుంచి తుపాకులు, ఫిరంగులు, రాకెట్లు ఎడతెగకుండా పేలేవి. మే నెలలో ఒక రాత్రి మొగలు సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు నిచ్చెనలు వేసి గోడ ఎక్కారు. గోడ మీద ఉన్న ఊరకుక్క ఒకటి మొరిగింది, కాపలావాళ్ళు లేచి ఎక్కినవాళ్ళను నరికి నిచ్చెనలు పడదోశారు. ఆ కుక్కకు అబుల్ హసన్ బంగారు గొలుసు, జరీ అంగీ వేయించి దగ్గర ఉంచుకున్నాడని ఖాఫీ ఖాన్ చెబుతాడు. జూన్‌లో మొగలులు గోడల కింద సొరంగాలు తవ్వి, వందల మణుగుల మందు నింపి వత్తులు పెట్టారు. లోపలివాళ్ళు ఎదురు సొరంగాలు తవ్వి కొంత మందు తోడేశారు, మిగిలినదాన్ని నీళ్ళు పోసి తడిపారు. అంటించేసరికి పేలుడు వెనక్కి తిరిగి, దాడికి సిద్ధంగా నిలబడ్డ మొగలు సైనికులే వందల సంఖ్యలో చనిపోయారు. గోడకు ఏమీ కాలేదు.

ఆ జూన్‌లోనే, కుండపోత వానలో, కోటలోని దండు బయటికి వచ్చి మొగలు మోర్చాల మీద పడింది. సర్బరాహ్ ఖాన్ వంటి కొందరు ముఖ్య అధికారులు పట్టుబడ్డారు. అబుల్ హసన్ వాళ్ళను బాధించలేదు. ఆదరించి, తన ధాన్యపు గాదెలు, మందు గిడ్డంగులు చూపించి, గౌరవంగా తిప్పిపంపాడు. కోటి రూపాయలిస్తాను, వెనక్కి వెళ్ళండి, ఆకలితో ఉన్న మీ దండుకు కావాలంటే అయిదారు లక్షల మణుగుల ధాన్యం కూడా ఇస్తాను అని కబురు పెట్టాడు. చూడండి, ముట్టడిలో ఉన్నవాడు ముట్టడించినవాడికి తిండి పెడతానంటున్నాడు. అంతటి దొడ్డతనంలోనూ 1656 నాటి పాత లెక్కే దాగి ఉంది, డబ్బిచ్చి పంపించవచ్చునన్న లెక్క. ఔరంగజేబు దగ్గర అది పారలేదు. చేతులు కట్టుకొని వచ్చి లొంగితేనే ఆలోచిస్తానన్నది ఆయన జవాబు.

ధాన్యం కోట లోపల ఉంది. బయట ఏముంది? అంతకుముందు ఏడాది వానలు లేవు, ఆ ఏడాది వానలు ముంచెత్తాయి. కరువు, దాని వెనకే అంటువ్యాధి వచ్చాయి. హైదరాబాదు నగరంలో ఇళ్ళు, ఏటి ఒడ్డు, మైదానాలు శవాలతో నిండిపోయాయని, మొగలు శిబిరంలోనూ అదే పరిస్థితి అని పారసీ చరిత్రలు చెబుతాయి. వానలు వెలిసాక ఎముకల గుట్టలు దూరానికి మంచుకొండల్లా తెల్లగా కనిపించాయని రాశారు. అందులో ఎందరు సైనికులో, ఎందరు నగరవాసులో ఎవరూ లెక్క రాయలేదు. ముట్టడి అంటే మనకు బురుజులు, ఫిరంగులు గుర్తొస్తాయి. కోటలోకి చోటు దొరకని చేనేతవాళ్ళు, బజారువాళ్ళు, చుట్టుపక్కల పల్లెల రైతులు ఈ ఎనిమిది నెలలూ రెండు సైన్యాల మధ్య బతికారు, చచ్చారు. గోల్కొండ చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే పేజీ ఇదే, దాని మీద మన పుస్తకాల్లో రెండు వాక్యాలకు మించి ఉండవు.

పోరులో గెలవలేని ఔరంగజేబు రెండు పనులు చేశాడు. కోట చుట్టూ కర్రతో, మట్టితో తానే ఒక గోడ కట్టించి లోపలికి గింజ పోకుండా దారులు మూయించాడు. కుతుబ్ షాహీలు నగరానికి కట్టని గోడను మొగలులు కోటకు కట్టారన్నమాట. రెండో పని ఇంకా ముఖ్యమైనది. కోట పడకముందే రాజ్యం మొగలు సామ్రాజ్యంలో కలిసిపోయిందని ప్రకటించి, పరగణాలకు తన ఫౌజుదారులను, పన్ను వసూలు అధికారులను, హైదరాబాదుకు కాజీని, నీతి నియమాలు చూసే ముహతసిబును నియమించాడు. అంటే 1687 వానాకాలం నాటికే ఊళ్ళ పన్ను మొగలు ఖాతాలోకి పోతున్నది. కోటలోని సుల్తానుకు తన గోడల లోపలి నేల తప్ప మరేమీ మిగలలేదు.

అమీరులు ఒక్కొక్కరే దిగి వెళ్ళిపోయారు. ఆఖరుకు ఎంచదగినవాళ్ళలో ఇద్దరు మిగిలారు. ఒకడు అబ్దుల్ రజాక్ లారీ. ఆరు వేల మన్సబు ఇస్తామని ఔరంగజేబు పంపిన ఫర్మానాను బురుజు మీద తనవాళ్ళందరి ముందు చించేసి, కర్బలాలో ఇమాం హుసేను వెంట పోరాడినవాళ్ళలా చచ్చే వరకూ పోరాడతానని కబురు చేశాడు. రెండోవాడు అబ్దుల్లా ఖాన్ పణీ అనే ఆఫ్ఘను సైనికుడు. బీజాపురం కొలువు వదిలి మొగలుల దగ్గరికి, వాళ్ళను వదిలి గోల్కొండకు వచ్చినవాడు. సెప్టెంబరు 21 తెల్లవారుజామున దిడ్డి తలుపు తెరిచి ఉంచింది ఇతడే. మొగలు సేనాని రూహుల్లా ఖాన్ మనుషులు లోపలికి వచ్చి పెద్ద దర్వాజా తీశారు, కందకం అవతల కాచుకున్న ఔరంగజేబు కొడుకు ఆజం షా సైన్యం లోపలికి ప్రవేశించింది.

కేకలు విని లారీ జీను లేని గుర్రం ఎక్కి, పన్నెండు మంది అనుచరులతో, ఒక చేత కత్తి, ఒక చేత డాలుతో ఎదురువెళ్ళాడు. చివరికి ఒళ్ళంతా తూట్లు పడి స్పృహ తప్పి, కోట దగ్గరి తోటలో ఒక చెట్టు కింద దొరికాడు. డెబ్భైకి దగ్గరగా గాయాలు ఉన్నాయని వైద్యులు లెక్క తేల్చారు. ఔరంగజేబు ఒక ఐరోపా వైద్యుణ్ణి, ఒక హిందూ వైద్యుణ్ణి పంపి బతికించాడు. కోలుకున్నాక ఆయన మొగలు కొలువులో చేరాడు. అందుకు ఆయనను తప్పుపట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. కాపాడవలసినదంటూ ఒకటి మిగిలి ఉన్నంత వరకూ కాపాడాడు.

అబుల్ హసన్ ఆ తెల్లవారుజామున చూపిన నిబ్బరం మరిచిపోలేనిది. అంతఃపురంలో ఏడుస్తున్నవాళ్ళను ఓదార్చి, దర్బారు మందిరంలోకి వచ్చి కూర్చుని, పిలవని అతిథుల కోసం ఎదురుచూశాడు. రూహుల్లా ఖాన్ రాగానే తానే ముందుగా పలకరించి, భోజనం వేళ అయిందని వడ్డించమన్నాడు. ఇటువంటి సమయంలో అన్నం ఎలా సహిస్తుందని అడిగితే, బీదరికమూ రాజ్యమూ రెండూ ఇచ్చినవాడు దేవుడే, ఇప్పుడు తీసుకుంటున్నదీ ఆయనే అన్న అర్థంలో జవాబిచ్చాడట. ఆయనను దౌలతాబాదు కోటకు పంపి, ఏటా యాభై వేల రూపాయల భరణం ఏర్పాటు చేశారు. అక్కడే పోయాడు, ఖుల్దాబాదులో పూడ్చారు. ఇబ్రహీం బాగ్‌లోని ఏడు గుంబజుల్లో తన పెద్దల సరసన ఆయనకు చోటు దక్కలేదు. కోటలో దొరికిన నగదే ఏడు కోట్ల రూపాయల దాకా ఉందని అంచనా, నగలు, బంగారం, వెండి సామాను దానికి అదనం. ఆ ఏడు కోట్లలో ఏ కొద్ది భాగంతోనో ఇరవై ఏళ్ళ ముందు నగరానికి ప్రాకారం కట్టి ఉండవచ్చు.

రాజధాని పోయాక ఏమయిందన్నది రాజులు పోయిన కథకన్నా పెద్దది. హైదరాబాదు ఒక సుబాకు ముఖ్య పట్టణంగా దిగింది. ఇక్కడి పన్ను ఇక్కడి దర్బారులో, ఇక్కడి నేతలో, ఇక్కడి మందిరాల్లో ఖర్చయ్యే రోజులు పోయి, తమిళదేశంలోని జింజీ ముట్టడికి, మరాఠాల మీది యుద్ధానికి తరలిపోసాగింది. మచిలీపట్నం వ్యాపారానికి అండగా ఉన్న దర్బారు మాయమైంది. గోల్కొండకు ఏటా 1200 వరహాల కౌలు కట్టే చెన్నపట్నపు ఇంగ్లీషు కంపెనీ తన కోటను, ఊరిని పెంచుకుంటూ పోయింది. తీరంలోని నేతగాళ్ళు, దుబాసీలు, వర్తకులు చాలామంది అటువైపు జరిగారు. తెలుగు కోస్తా వ్యాపారపు గురుత్వకేంద్రం దక్షిణానికి మారడంలో 1687 పాత్ర ఎంత అన్నది ఇంకా లోతుగా పరిశోధించవలసిన విషయం. యువ పరిశోధకులు ఎవరైనా ఈ సభలో ఉంటే దీన్ని చేపట్టమని కోరుతున్నాను.

లోనాడులో పరిస్థితి మరోలా మారింది. ఔరంగజేబు 1707లో పోగానే సుబేదారుల పట్టు సడలింది. 1708లో సర్వాయి పాపన్న వరంగల్లును కొల్లగొట్టాడు. కల్లుగీత కులంలో పుట్టిన మనిషి కోటలు కట్టి, మొగలు ఫౌజుదారులను ఎదిరించి నిలబడగలిగాడంటే, కుతుబ్ షాహీల తరవాత వచ్చిన పాలన పల్లెల్లో ఎంత లోతుకు దిగిందో ఊహించుకోవచ్చు. 1709 జనవరిలో హైదరాబాదు శివార్లలో ఔరంగజేబు కొడుకులిద్దరు సింహాసనం కోసం తలపడ్డారు. ఇక్కడి సుబేదారుగా ఉన్న కాంబక్షు ఓడి, గాయాలతో చనిపోయాడు. గెలిచి నగరంలో దర్బారు తీర్చిన పాదుషా బహదూర్ షా. 1685 అక్టోబరులో ఇదే నగరాన్ని పోరు లేకుండా పట్టుకున్న షా ఆలం ఆయనే. ఇరవై మూడేళ్ళ తరవాత మళ్ళీ వచ్చాడు, అప్పటికీ హైదరాబాదుకు గోడ లేదు.

ఇక్కడితో ఆపుతాను. 1656 ముట్టడి గురించి, మాదన్న పన్నుల విధానం గురించి సమయం చాలక వదిలేసినవి చాలా ఉన్నాయి. ప్రశ్నలు ఉంటే అడగండి, తెలిసినంత చెబుతాను.